తేమ ఎక్కువగా ఉండే ఉష్ణమండల వాతావరణంలో ఔషధ ఆకులు, పూలు ఆరబెట్టే గదిని నిర్మించడం ఎలా?

వేడి, తేమ రెండూ ఎక్కువగా ఉండే ప్రాంతాలలో ఆకులు సరిగా ఆరవని అందరికీ తెలుసు గాని, అందుకు కారణం వేడి చాలకపోవడం కాదన్న సంగతిని చాలామంది గమనించరు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, 85 శాతం సాపేక్ష ఆర్ద్రతతో (గాలి మోయగలిగిన నీటి ఆవిరిలో ఎంత ఉందో చెప్పే శాతం) ఉన్న గాలిలో ప్రతి ఘనపు మీటరుకు దాదాపు 26 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి మోయగలిగినదే 30 గ్రాములకు కాస్త ఎక్కువ. అంటే ఆకుల నుంచి నీటిని తీసుకోవడానికి ఆ గాలిలో మిగిలిన చోటు నాలుగైదు గ్రాములు మాత్రమే. అటువంటి గాలిని ఎంత బలమైన ఫ్యాన్‌తో తోలినా ఆకులు ఒక స్థాయి వరకు ఆరి అక్కడే ఆగిపోతాయి, ఆ స్థాయిలో బూజు పెరగడానికి చాలినంత నీరు వాటిలో మిగిలే ఉంటుంది. కాబట్టి మీరు కట్టబోయేది వేడి గది కాదు, బయటి గాలిని లోపలికి రానివ్వని గది. గోడలు, తలుపు, కప్పు ఆ పని చేయగలిగినప్పుడే యంత్రాలకు పెట్టిన ఖర్చు ఫలిస్తుంది.

ఈ వివరాలు తులసి, పుదీనా, నిమ్మగడ్డి, నేలవేము, మునగాకు వంటి ఆకులకు, గులాబి, మందార వంటి పూల రేకులకు వర్తిస్తాయి. వేర్లు, దుంపలు, బెరడు వేరే లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే అవి 50 డిగ్రీలకు పైబడిన వేడిని తట్టుకుంటాయి, ఆరడానికి ఎక్కువ రోజులు తీసుకుంటాయి. వాటిని ఆకులతో కలిపి ఒకే గదిలో ఆరబెట్టాలని ప్రయత్నించకండి.

ముందుగా తీయవలసిన నీటిని లెక్కించండి

గది కొలతలతో మొదలుపెట్టడం పొరపాటు. ఒక విడతలో ఎంత పచ్చి ఆకు వస్తుందన్నదే మొదటి ప్రశ్న. పచ్చి ఆకులలో సాధారణంగా నూటికి 75 నుంచి 85 పాళ్లు నీరు ఉంటుంది, నిల్వకు తగినంతగా ఎండిన ఆకులో 8 నుంచి 12 పాళ్లు మిగులుతుంది. పచ్చి ఆకులో నీరు 80 శాతమని, ఎండిన ఆకులో 10 శాతమని అనుకుంటే, 40 కిలోల పచ్చి ఆకు 9 కిలోల కంటే కొద్దిగా తక్కువ ఎండు ఆకుగా మారుతుంది, మిగిలిన 31 కిలోలూ నీరే. ఆ 31 లీటర్ల నీటిని రెండు మూడు రోజులలో గది నుంచి బయటకు పంపించాలి. అందులోనూ దాదాపు మూడింట రెండు వంతులు మొదటి 24 గంటలలోనే ఆకును విడిచి గాలిలోకి చేరుతుంది గనుక యంత్రాల సామర్థ్యాన్ని మొదటి రోజు భారాన్ని బట్టి నిర్ణయించాలే తప్ప మొత్తం నీటిని రోజుల సంఖ్యతో భాగించి సరిపెట్టుకోకూడదు.

తరువాత ట్రేల విస్తీర్ణం తేలుతుంది. చదరపు మీటరుకు 2 నుంచి 3 కిలోల పచ్చి ఆకు కంటే మందంగా పరిస్తే అడుగు పొర ఊపిరాడక నల్లబడుతుంది. 40 కిలోలకు సుమారు 16 చదరపు మీటర్ల జల్లెడ కావాలి. ఒక మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్రేలు 27 ఉంటే ఈ అవసరం తీరుతుంది, ఒక్కొక్కటి తొమ్మిది ట్రేలు పట్టే మూడు స్టాండ్లలో అవి సర్దుకుంటాయి. ఆ మూడు స్టాండ్లకు, వాటి చుట్టూ గాలి తిరగడానికి, మీరు నడవడానికి 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు ఉన్న గది సరిపోతుంది. ఇకపై చెప్పే లెక్కలన్నీ ఈ గదికే. మీ గది పెద్దదైతే అదే నిష్పత్తిలో పెంచుకోండి.

నేల, గోడలు, కప్పు

స్థలం కొంచెం మెరకగా ఉండాలి, వాన నీరు గోడల పక్కన నిలవకూడదు. వేరుగా కట్టే వీలు లేకపోతే పెద్ద గోదాము లోపల ఒక మూలన ఈ గదిని కట్టడం ఇంకా మేలు, ఎందుకంటే ఎండ, వాన రెండూ నేరుగా గోడల మీద పడవు.

నేల నుంచి తేమ పైకి ఎక్కుతుందన్న విషయాన్ని కట్టేటప్పుడు మరచిపోతే తరువాత సరిదిద్దడం చాలా కష్టం. బయటి నేల కంటే కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున పునాది లేపి, కాంక్రీటు పోసే ముందు 200 మైక్రాన్లకు తగ్గని పాలిథిన్ షీటును, అతుకుల దగ్గర ఒక జానెడు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరచి, టేపుతో మూసి, అంచులను గోడల మీదికి మడవండి. కొత్త కాంక్రీటు, కొత్త ప్లాస్టరు వారాల తరబడి నీటిని వదులుతూనే ఉంటాయి. నేల ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ ముక్కను నేలకు నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రాత్రంతా వదిలేయండి. తెల్లవారి దాని అడుగున చెమ్మ కనిపించినా, ఆ చోట నేల రంగు ముదిరినా, ఇంకా ఆగాలన్నమాట.

గోడలకు నా సలహా పఫ్ ప్యానెళ్లే. రెండు వైపులా లోహపు రేకు, మధ్యలో 50 లేదా 60 మిల్లీమీటర్ల మందం పాలీయురెథేన్ నురుగు ఉన్న ఈ ప్యానెళ్లు వేడిని ఆపుతాయి, ఆవిరిని పూర్తిగా అడ్డుకుంటాయి, కడగడానికి వీలుగా ఉంటాయి. అసలు పని అతుకుల దగ్గర ఉంది. ప్రతి అతుకునూ, గోడ నేలను తాకే ప్రతి అంచునూ, వైరు లేదా గొట్టం దూరే ప్రతి రంధ్రాన్నీ లోపలి నుంచీ బయటి నుంచీ సిలికాన్‌తో మూయాలి. పని చేసేవారు దీన్ని చివరి గంటలో ముగించే చిన్న పనిగా చూస్తారు, మీరు దగ్గరుండి చేయించండి.

ఇటుక గోడల గది ముందే ఉంటే దాన్ని వాడుకోవచ్చు, అయితే ఆవిరిని ఆపే పొర ఏ వైపున ఉండాలన్నది సరిగా గ్రహించాలి. చలి దేశాల కోసం రాసిన సూచనలలో ఆ పొర గోడ లోపలి వైపున ఉంటుంది, ఎందుకంటే అక్కడ వెచ్చని తడి గాలి ఇంటి లోపల ఉంటుంది, పొడి చలిగాలి బయట ఉంటుంది. మన పరిస్థితి దానికి తలకిందులు. ఇక్కడ తడి గాలి బయట ఉంటుంది, పొడి గాలి గది లోపల ఉంటుంది, ఆవిరి నిరంతరం బయటి నుంచి లోపలికి తోసుకొస్తుంది. ఆ సూచనలను ఉన్నదున్నట్టు పాటించి లోపల మాత్రమే పాలిథిన్ కొడితే, బయటి నుంచి ఇటుకలోకి చేరిన తేమ ఆ పాలిథిన్ వెనుక చిక్కుకుని, గోడకూ ఇన్సులేషన్‌కూ మధ్య ఎవరికీ కనపడని బూజుగా మారుతుంది. అందువల్ల ఇటుక గోడకు బయటి వైపు నీరు చొరని పూత వేయించి, లోపల నురుగు పలకలు అతికించి, వాటి మీద కడగడానికి అనువైన తేలికపాటి పలకలు బిగించండి.

కప్పుకు రేకు వేస్తే రాత్రిపూట ఆ రేకు గాలి కంటే చల్లబడుతుంది. 30 డిగ్రీల వద్ద 85 శాతం ఆర్ద్రత ఉన్న గాలి 27 డిగ్రీల దగ్గర ఉన్న ఏ ఉపరితలాన్ని తాకినా, మంచినీళ్లు పోసిన చల్లని లోటా చెమర్చినట్టే, ఆ ఉపరితలం మీద నీటి చుక్కలు కడతాయి. మూడు డిగ్రీల తేడా చాలు! కాబట్టి రేకును పై కప్పుగా మాత్రమే ఉంచి, దాని కింద గాలి ఆడే ఖాళీ వదిలి, ఆ కింద ప్యానెళ్లతో గదికి వేరుగా లోకప్పు కట్టాలి. రేకు నుంచి రాలే చుక్కలు లోకప్పు మీద నిలవకుండా కాస్త వాలు ఉండాలి. చూరు బయటికి ఒక మీటరైనా వచ్చేలా చూసుకోండి.

కిటికీలు వద్దు. వెలుతురు ఆకుపచ్చని రంగును వెలవెలబోయేలా చేస్తుంది, పైగా ప్రతి కిటికీ గాలి కారే ఒక సందు. తలుపు ఒక్కటే, ట్రేల స్టాండు దూరేటంత వెడల్పుతో, నాలుగు అంచులా రబ్బరు బీడింగుతో ఉండాలి, కింది అంచున కూడా నేలను ఒరుసుకునే రబ్బరు పట్టీ అవసరం. స్థలం ఉంటే తలుపు ముందు ఒక చిన్న ముందు గది కట్టి రెండో తలుపు పెట్టండి. ఒకటి మూసిన తరువాతే మరొకటి తెరిచే అలవాటు చేసుకుంటే వానకాలంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, గది లోపల 30 డిగ్రీలు, 45 శాతం ఆర్ద్రత ఉందనుకోండి. బయటి గాలితో పోలిస్తే లోపలి గాలిలో ఘనపు మీటరుకు సుమారు 12 గ్రాముల నీరు తక్కువ. మన గది ఘనపరిమాణం 32 ఘనపు మీటర్లు. సందుల గుండా గంటకు ఒక్కసారి గది గాలి మొత్తం మారితే రోజుకు 9 లీటర్లకు పైగా నీరు లోపలికి వచ్చినట్టు. గంటకు ఐదుసార్లు మారితే రోజుకు 45 లీటర్లు దాటుతుంది, అంటే ఒక విడత ఆకులలో ఉన్న మొత్తం నీటి కంటే ఎక్కువ. సందులున్న గదిలో పెట్టిన యంత్రం ఆకులను కాదు, ఊరి గాలిని ఆరబెడుతూ ఉంటుంది.

ట్రేలు, గాలి నడక

జల్లెడకు తుప్పు పట్టని ఉక్కు గాని, ఆహార పదార్థాలకు వాడదగిన నైలాన్ వల గాని వాడండి. జింకు పూత ఉన్న ఇనుప వల ఆ పూత అరిగాక తుప్పు పడుతుంది. చెక్క చట్రాలు తేమను పీల్చుకుని బూజుకు ఆశ్రయమిస్తాయి గనుక అల్యూమినియం చట్రాలు మంచివి. ట్రేకూ ట్రేకూ మధ్య 18 సెంటీమీటర్లు, అడుగు ట్రేకూ నేలకూ మధ్య 30 సెంటీమీటర్లు, స్టాండుకూ గోడకూ మధ్య ఒక జానెడు వదలండి.

గాలి ట్రేల మధ్య నుంచి సెకనుకు 0.3 నుంచి 0.5 మీటర్ల వేగంతో సాగితే చాలు, ముఖానికి తగిలీ తగలనట్టు అనిపించే గాలి అది. అంతకు మించితే పై ఆకులు పెళుసుబారి, లోపలి కాడలలో నీరు అలాగే ఉండిపోతుంది, ఎండిన ఆకులు ఎగిరి ఫ్యాన్లలో పడతాయి. గోడకు బిగించిన రెండు మూడు చిన్న ఫ్యాన్లను ట్రేల వైపు కాకుండా గోడ వెంబడి తిప్పి, గది చుట్టూ గాలి ఒక వలయంలా తిరిగేలా అమర్చండి. ఆ తరువాత ఒక పలుచని దారపు ముక్కను కర్రకు కట్టి ప్రతి ట్రే దగ్గరా పట్టుకుని చూడండి. దారం కదలని చోట ఆకు కూడా ఆరదు. అటువంటి మూలలు ప్రతి గదిలోనూ ఒకటో రెండో ఉంటాయి, ఫ్యాన్ కోణం మార్చో, రోజుకు రెండుసార్లు స్టాండ్ల చోటు మార్చో ఆ లోటు తీర్చవచ్చు.

తేమను లాగే యంత్రాలు

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, బయటి గాలిని వేడిచేసి ఆకుల మీదుగా తోలి బయటకు వదలడం. 30 డిగ్రీల, 85 శాతం గాలిని 40 డిగ్రీలకు వేడి చేస్తే దాని ఆర్ద్రత 49 శాతానికి దిగుతుంది, అది ఆకులు ఆరడానికి చాలినదే. నిర్మాణం సులువు, సౌరశక్తితోనూ నడుస్తుంది. అయితే వేడెక్కిన గాలిని అంతా బయటకు పారబోస్తూనే ఉండాలి, తులసి, పుదీనా, నిమ్మగడ్డి వంటి సువాసన గల ఆకులకు 35 నుంచి 40 డిగ్రీలే గరిష్ఠ పరిమితి గనుక గాలి బాగా తడిగా ఉన్న రోజున ఇంకా వేడి పెంచే వీలుండదు, పెంచితే ఆ సువాసన తైలాలే ఎగిరిపోతాయి. మునగాకు వంటి వాసన లేని ఆకులకు ఈ పద్ధతి బాగానే నప్పుతుంది.

రెండోది, గది గాలినే తిప్పుతూ అందులోని నీటిని డీహ్యూమిడిఫైయర్‌తో తీసివేయడం. సువాసన గల ఆకులకు, ఏడాది పొడవునా ఒకే నాణ్యత కావాలనుకునేవారికి నేను ఈ రెండో దారినే సూచిస్తాను. మిగిలిన భాగమంతా దాని గురించే.

డీహ్యూమిడిఫైయర్ పెట్టె మీద రాసి ఉండే రోజుకు ఇన్ని లీటర్లన్న సంఖ్య సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం ఆర్ద్రత వద్ద కొలిచినది. మీకు కావలసిన 45 శాతం వద్ద అదే యంత్రం అందులో సగం తీసినా గొప్పే. మన లెక్క ప్రకారం మొదటి రోజు ఆకుల నుంచి 20 లీటర్లు, సందుల నుంచి 9 లీటర్లు, మొత్తం 29 లీటర్లు తీయాలి. అంటే పెట్టె మీద 60 లీటర్లని ఉన్న సామర్థ్యం కావాలి. 60 లీటర్ల యంత్రం ఒక్కటి కొనడం కంటే 30 లీటర్లవి రెండు కొనండి, ఒకటి చెడిపోయిన రాత్రి రెండోది సరుకును పూర్తిగా పాడవకుండా నిలబెడుతుంది.

యంత్రం తాను వాడుకున్న విద్యుత్తంతటినీ వేడిగా గదిలోకే వదులుతుంది. రెండు యంత్రాలు కలిసి దాదాపు ఒక కిలోవాట్ వాడుకుంటే, బాగా మూసిన చిన్న గదిలో ఆ వేడి పోయే దారి లేక ఉష్ణోగ్రత గంట గంటకూ పెరుగుతుంది. చాలా డీహ్యూమిడిఫైయర్లు 35 డిగ్రీల వరకే పనిచేసేలా తయారైనవి, అది దాటితే ఆగిపోతాయి. కాబట్టి ఈ వేడిని లాగడానికి ఒక టన్ను ఏసీ కూడా అవసరం. దాన్ని 28 లేదా 30 డిగ్రీల వద్ద పెట్టండి.

ఏసీ ఒక్కటే చాలదా అన్న ప్రశ్న సహజం. ఏసీ నీటిని తీస్తుంది, నిజమే. అయితే గది కోరిన చల్లదనానికి చేరగానే కంప్రెసర్ ఆగిపోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద ఉన్న తడిని తిరిగి గదిలోకి ఊదుతుంది. ఇన్వర్టర్ ఏసీలు వేగం తగ్గించుకున్నప్పుడు కాయిల్ చాలినంత చల్లబడక నీటిని తక్కువగా తీస్తాయి. చల్లబరచడం ఏసీ పని, ఆరబెట్టడం డీహ్యూమిడిఫైయర్ పని. ఏసీ ఫ్యాన్‌ను ఆటో స్థితిలో ఉంచడం మరవకండి.

తీసిన నీటిని బకెట్టులో పట్టకండి. బకెట్టు నిండగానే యంత్రం ఆగిపోతుంది, అది ఎప్పుడూ అర్ధరాత్రే జరుగుతుంది. గొట్టాన్ని వాలుగా గోడ బయటకు తీసి, చివరన యూ ఆకారపు వంపు పెట్టండి. ఆ వంపులో నిలిచే నీరు బయటి గాలిని, పురుగులను గొట్టం గుండా లోపలికి రానివ్వదు. గది వాడని రోజులలో ఆ నీరు ఎండిపోతుంది గనుక ప్రతి విడతకు ముందు ఒక గ్లాసు నీళ్లు అందులో పోయండి.

విద్యుత్తు

ఈ గదికి వేరే లైను, వేరే ఎంసీబీ (భారం మించితే కరెంటును ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. స్విచ్‌బోర్డులు గది బయట బిగించండి, లోపలి దీపం దుమ్ము, తేమ చొరబడని రకమై ఉండాలి. ఫ్యాన్లకు మాత్రమైనా బ్యాటరీ ఇన్వర్టర్ కలపండి.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలన్నది ఆకు ఏ దశలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. కోసిన ఆకు ఇంకా శ్వాసిస్తూ వేడిని పుట్టిస్తూనే ఉంటుంది, అందువల్ల మొదటి 24 గంటలలో కరెంటు పోతే తలుపు తెరిచి ఫ్యాన్లు తిప్పండి. ఎంత తడిగా ఉన్నా బయటి గాలి ఆ పచ్చి ఆకు కంటే పొడిదే. రెండో రోజు దాటిన తరువాత పోతే దానికి సరిగ్గా వ్యతిరేకం, తలుపును తాకవద్దు. చాలావరకు ఎండిన ఆకు బయటి గాలి నుంచి నీటిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది.

కొలిచే సాధనాలు, ఖాళీ గది పరీక్ష

గాలిలోని ఆర్ద్రతను కొలిచే హైగ్రోమీటర్లు కనీసం మూడు కావాలి. ఒకటి ట్రేల మధ్య, ఒకటి గాలి అందని మూలన, ఒకటి గది బయట. కొత్తవి కూడా ఐదారు శాతం తప్పు చూపించవచ్చు. ఒక చిన్న గిన్నెలో మామూలు ఉప్పు వేసి, ముద్దగా తడిసేటన్ని నీళ్లు మాత్రమే కలిపి, ఆ గిన్నెను హైగ్రోమీటర్‌తో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి 12 గంటలు వదిలేస్తే, లోపలి ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ హైగ్రోమీటర్ 79 చూపిస్తే అది నాలుగు ఎక్కువ చూపుతున్నదని దాని మీదే రాసిపెట్టుకోండి.

ఆకులు పెట్టక ముందు గదిని ఖాళీగా ఒక రోజంతా నడపండి. ఏసీ, డీహ్యూమిడిఫైయర్లు కలిసి 30 డిగ్రీలు, 45 శాతానికి తీసుకురావాలి. తరువాత యంత్రాలన్నీ ఆపి, ఫ్యాన్లు మాత్రం తిప్పుతూ, ప్రతి పది నిమిషాలకూ ఆర్ద్రత రాసుకోండి. గంటలో 45 నుంచి 70 దాటిందంటే గది కారుతున్నదని అర్థం. అప్పుడు వెలిగించిన అగరువత్తిని అతుకుల వెంబడి, తలుపు అంచుల వెంబడి మెల్లగా తిప్పండి. పొగ ఎక్కడ వంగితే అక్కడ సందు ఉంది. సందులన్నీ మూసి మళ్లీ కొలవండి, ఆ అంకెలను భద్రపరచుకోండి, అవి తరువాత పనికొస్తాయి.

మొదటి విడత

ఆకును మంచు ఆరిన తరువాతే కోయాలి. ఆకు మీద ఉన్న ప్రతి లీటరు నీరూ యంత్రం మీద పడే అదనపు భారమే, పైగా నల్లబడటం ఆ తడి మచ్చల దగ్గరే మొదలవుతుంది. కడగక తప్పని ఆకులను నీరు పూర్తిగా వడిచాక, వీలైతే గిర్రున తిప్పే యంత్రంలో వేసి తీశాకే ట్రేలలోకి ఎక్కించండి. లావు కాడలను ముందే తీసివేయాలి, ఆకు ఎండిన తరువాత కూడా అవి నీటిని దాచుకుని, నిల్వ డబ్బాలో దాన్ని ఆకులకు పంచుతాయి.

గదిని ఒకేసారి నింపండి. సగం ఎండిన ట్రేల పక్కన పచ్చి ఆకు పెడితే పచ్చి ఆకు వదిలిన ఆవిరిని ఎండిన ఆకు పీల్చుకుంటుంది, రెండూ చెడతాయి. నింపిన వెంటనే ఆర్ద్రత 80 దాటినా కంగారు పడవద్దు, 12 గంటలలోపు 60కి దిగితే అంతా సవ్యంగా సాగుతున్నట్టే. దిగకపోతే ఆకు ఎక్కువైనా అయి ఉండాలి, గది అయినా కారుతూ ఉండాలి. మొదటి రోజు రెండుసార్లు ఆకులను చేతితో తేలికగా కదపండి, రెండో రోజు నుంచి కదపకండి, ఆకు నలిగి పొడుం అవుతుంది. రెండో రోజు 45 శాతం వద్ద, చివరి కొన్ని గంటలు 40 వద్ద ఉంచండి. మధ్యలో చూడాలన్న కుతూహలంతో తలుపు తెరవకండి, తలుపులో చిన్న అద్దం పెట్టించుకుంటే ఆ అవసరం రాదు, వెలుగు పడకుండా దానికి మూత ఉండాలి.

ఆకు ఎండిందని ఎలా తెలుస్తుంది? చేతితో నలిపి చూడటం అనుభవజ్ఞులకు పనికొస్తుంది గాని, తూకం అబద్ధం చెప్పదు. ఒక ట్రేను పరీక్ష ట్రేగా ఎంచుకుని, ఖాళీ ట్రే బరువు తీసివేసి పచ్చి ఆకు బరువు రాసుకోండి. 80 శాతం నీరున్న 1500 గ్రాముల ఆకులో గట్టి పదార్థం 300 గ్రాములు, 10 శాతం నీటితో ఎండినప్పుడు అది 333 గ్రాములు ఉండాలి. తూకం అక్కడికి చేరి, వరుసగా మూడు గంటలు మారకపోతే పని పూర్తయినట్టే. మీ ఆకులో నీరు ఎంతో తెలియకపోతే వంద గ్రాముల ఆకును ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి తూచండి, తగ్గినంతా నీరే. సువాసన గల ఆకులలో తైలం కూడా కొద్దిగా పోతుంది గనుక ఆ అంకె ఒకింత ఎక్కువగానే వస్తుంది.

తూకంతో పాటు మరొక పరీక్ష కూడా చేయండి. ఒక గాజు సీసాను ఎండిన ఆకుతో మూడు వంతులు నింపి, అందులో చిన్న హైగ్రోమీటర్ ఉంచి, మూత బిగించి ఒక రోజు వదిలేయండి. కాడలలో దాగిన నీరు ఈలోగా బయటకు వస్తుంది. లోపల 60 శాతం కంటే తక్కువ చూపితే బూజు పెరిగే వీలుండదు, 55 లోపు ఉంటే మరీ మంచిది. 65 దాటితే ఆ విడత మొత్తాన్ని మళ్లీ గదిలోకి పంపాలి.

దించడం, నిల్వ చేయడం

కష్టపడి ఎండించిన ఆకు చెడేది ఎక్కువగా ఈ దశలోనే. ఎండు ఆకును వరండాలోకి తెచ్చి, నింపాదిగా ఏరి, సంచులలో పోస్తే ఆ గంటా రెండు గంటలలోనే అది బయటి తేమను పీల్చి మెత్తబడుతుంది. ఏరడం, తూచడం, సంచులలో నింపడం అన్నీ యంత్రాలు నడుస్తున్న ఆరబెట్టే గదిలోనే జరగాలి. ఆ పని చేసేవారు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, ఎండు ఆకు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. గోనె సంచి తేమను ఏమాత్రం ఆపదు, పలుచని పాలిథిన్ కొద్ది వారాలు మాత్రమే ఆపుతుంది. అల్యూమినియం పొర ఉన్న సంచులను వేడితో అతికించి గాని, రబ్బరు రింగు మూత ఉన్న డ్రమ్ములలో గాని నిల్వ చేయండి. ప్రతి దాని మీదా మొక్క పేరు, కోసిన తేదీ, విడత సంఖ్య, ఎండిన తరువాత సీసా పరీక్షలో వచ్చిన అంకె రాయండి. ఔషధ మొక్కల సాగు, సేకరణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రచురించిన మార్గదర్శకాలు కూడా ఇటువంటి రికార్డులను కోరతాయి, కొనుగోలుదారులు అడిగేదీ వాటినే.

ప్రతి విడత తరువాత ట్రేలను కడిగి పూర్తిగా ఆరనిచ్చి, నేలనూ గోడలనూ తుడిచి, యంత్రాల ఫిల్టర్లను శుభ్రం చేయండి. ఆకు నూగు, దుమ్ము ఫిల్టర్‌ను మూసేస్తే యంత్రం శబ్దం చేస్తూనే ఉంటుంది, నీరు మాత్రం తీయదు. గదిలో పురుగుమందులు చల్లవద్దు, పురుగులను ఆపవలసింది తలుపు రబ్బరు, గొట్టాల చివర వలలే. ఏటా వానలు మొదలయ్యే ముందు సిలికాన్ అతుకులను వేలితో తడిమి, ఊడిన చోట కొత్తగా పూసి, ఖాళీ గది పరీక్షను మళ్లీ చేసి, మొదటిసారి రాసుకున్న అంకెలతో పోల్చండి. ఆర్ద్రత అప్పటి కంటే వేగంగా పెరుగుతుంటే ముందుగా తలుపు కింది రబ్బరు పట్టీని మార్చండి, అన్నిటికంటే ముందు అరిగేది అదే.